నోత్ర్ దామ్ ఆర్గన్ ముందు 37 ఏళ్ళు: లూయీ వియెర్న్ పనితనం

అందరికీ నమస్కారం.

ఫ్రెంచి ఆర్గనిస్టు, స్వరకర్త లూయీ వియెర్న్ పేరు విన్నవాళ్ళకి సాధారణంగా రెండు సంగతులు తెలిసుంటాయి. చూపు సరిగా లేని మనిషి. కచేరీ మధ్యలో ఆర్గన్ ముందే ప్రాణం విడిచిన మనిషి. రెండూ నిజమే. అయితే 1900 నుంచి 1937 దాకా పారిస్ నోత్ర్ దామ్ కెథడ్రల్‌లో ఆయన చేసిన ఉద్యోగం ఒకటుంది. దాని గురించి రాసేవాళ్ళు తక్కువ. ఆయన మీద కన్నీళ్ళు కార్చిన పుస్తకాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ సాయంత్రం ఆ ఉద్యోగం సంగతే చూద్దాం. నా ఉద్దేశంలో వియెర్న్ సంగీతం అర్థం కావాలంటే మూడు తెలియాలి. ఆయన వాయించిన యంత్రం, ఆ యంత్రం ఉన్న కట్టడం, ఆయన కళ్ళు. ఆర్గన్ ఒక్కదానికే ఆయన రాసిన ఆరు సింఫనీల్లో ఏ పేజీ తీసినా ఈ మూడింటి గుర్తులూ కనిపిస్తాయి.

జీవితం ముందు గబగబా చెప్పేస్తాను. 1870 అక్టోబరు 8న ఫ్రాన్స్‌లోని ప్వాతియే ఊళ్ళో పుట్టాడు. పుట్టుకతోనే కళ్ళలో శుక్లాలు. చిన్నప్పుడే ఆపరేషన్ చేస్తే మనుషుల ఆకారాలు, దగ్గర పెట్టుకుంటే పెద్ద అక్షరాలు పోల్చుకునేంత చూపు వచ్చింది. పారిస్‌లో అంధబాలల జాతీయ పాఠశాలలో చదివాడు. బ్రెయిల్ లిపి కనిపెట్టిన లూయీ బ్రెయిల్ చదివిందీ, పాఠాలు చెప్పిందీ ఆ బడిలోనే. బ్రెయిల్ స్వయంగా చర్చి ఆర్గనిస్టు కూడా. చూపులేని పిల్లలకి ఆర్గన్ అక్కడ సరదా విద్య కాదు, బతుకుతెరువు. చర్చిలో ఉద్యోగం వస్తే జీవితం గడిచిపోతుంది.

స్వరకర్త, ఆర్గన్ గురువు సెజార్ ఫ్రాంక్ ఈ కుర్రాణ్ణి గుర్తించాడు. 1890లో పారిస్ కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, ఫ్రాంక్ తరగతిలో చేరాడు. అదే ఏడు నవంబరు 8న ఫ్రాంక్ చనిపోయాడు. ఆ స్థానంలోకి షార్ల్ మరీ విదోర్ వచ్చాడు. 1892లో విదోర్ తను ఆర్గనిస్టుగా ఉన్న సాన్ సుల్పీస్ చర్చికి వియెర్న్‌ను సహాయకుడిగా తీసుకున్నాడు. 1894లో వియెర్న్‌కి కన్సర్వేటరీ ప్రథమ బహుమతి వచ్చింది. 1900 మేలో నోత్ర్ దామ్ ఉద్యోగానికి పోటీ పరీక్ష పెడితే నెగ్గాడు.

ఆ కాలంలో కన్సర్వేటరీ ఆర్గన్ పరీక్ష ఎలా ఉండేదో చెప్పాలి, ఎందుకంటే ఉద్యోగం స్వరూపం అందులోనే ఉంది. నాలుగు భాగాలు. మొదటిది, చర్చిలో పాడే పాత లాటిన్ గీతం ఒకటి ఇస్తారు, దానికి అప్పటికప్పుడు నాలుగు గొంతుల్లో హార్మనీ కట్టాలి. ఆ గీతం ఒకసారి పైగొంతులో, ఒకసారి అట్టడుగున రావాలి. రెండోది, ఇచ్చిన పల్లవి మీద అక్కడికక్కడే ఫ్యూగ్ (ఒక గొంతు తర్వాత ఇంకో గొంతు అదే పల్లవిని అందుకునే రచన) అల్లాలి. మూడోది, ఇంకో పల్లవి మీద సొనాటా మొదటి భాగం పద్ధతిలో కల్పించాలి. నాలుగోది, కంఠతా వచ్చిన రచన ఒకటి వాయించాలి. చూశారా, నాలుగింట్లో మూడు మనోధర్మమే. ముందే రాసిపెట్టింది వాయించడం పావు వంతు. మన కచేరీల్లో రాగం తానం పల్లవికి ఎంత చోటుందో, అక్కడి చర్చి ఆర్గన్‌లో కల్పనకి అంతకన్నా ఎక్కువే ఉంది.

ఇక యంత్రం సంగతి. నోత్ర్ దామ్ పెద్ద ఆర్గన్ పడమటి గోడకి, ముఖద్వారం పైన, మేడ మీద ఉంటుంది. చెక్క బీరువా 1730ల నాటిది. లోపలి వాద్యాన్ని అరిస్తీద్ కవయే కోల్ కొత్తగా కట్టి 1868 మార్చిలో అప్పగించాడు. 86 స్టాప్‌లు. చేతులతో వాయించడానికి ఒకదానిపై ఒకటి ఐదు మెట్ల వరసలు, వరసకి 56 మెట్లు. కాళ్ళకి 30 మెట్ల పెడల్ బోర్డు.

స్టాప్ అంటే ఏమిటో హార్మోనియం తెలిసినవాళ్ళకి చెప్పడం తేలిక. మన హార్మోనియంలో బాస్, మేల్ అని రీడ్ల వరసలు ఉంటాయి కదా. ఒక మెట్టు నొక్కితే రెండు స్థాయిల్లో ఒకే స్వరం పలుకుతుంది. ముందున్న నాబ్ లాగితే ఒక వరసకి గాలి వెళ్తుంది, నెడితే ఆగుతుంది. ఆర్గన్‌లో ఆ వరసలు 86, రీడ్ల బదులు పైపులు. కప్లర్ హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే పై స్థాయి మెట్టు తనంత తనే దిగుతుంది కదా, ఇక్కడ కప్లర్ వేస్తే ఒక మెట్ల వరస నొక్కినప్పుడు ఇంకో మెట్ల వరస మొత్తం తోడు పలుకుతుంది.

పైపుల వరసని అడుగుల్లో చెబుతారు. 8 అడుగుల స్టాప్ అంటే అందులో అన్నిటికన్నా కింది స్వరం పలికే పైపు దాదాపు 8 అడుగుల పొడుగు, మామూలు స్థాయి. 4 అడుగులది ఒక స్థాయి పైన. 16 అడుగులది ఒక స్థాయి కింద. 32 అడుగులది రెండు స్థాయిలు కింద, సెకనుకి 16 కంపనాలు మాత్రమే. అది చెవికి స్వరంలా కాక నేల అదిరినట్టు తెలుస్తుంది. పెద్ద స్పీకర్లు లేకుండా రికార్డింగ్ వింటే వియెర్న్ రాసిన బాస్‌లో సగం మీకు అందదు. ఫోన్‌లో వినే పనైతే కనీసం మంచి హెడ్‌ఫోన్ పెట్టుకోండి.

ఇన్ని వరసలు కలిపితే ఒక చిక్కు వస్తుంది. మెట్టుకీ పైపు కింది మూతకీ మధ్య సన్నటి చెక్క పుల్లల లంకె ఉంటుంది. నాలుగైదు మెట్ల వరసలు కప్లర్లతో కలిపితే ఒక్క వేలు అన్ని మూతలనీ, వాటి కింద ఉన్న గాలి ఒత్తిడినీ ఎత్తాలి. వేలు వల్ల కాదు. దీనికి మందు బార్కర్ లీవర్. మెట్టు నొక్కగానే ఒక చిన్న తిత్తిలోకి గాలి దూరుతుంది, ఆ తిత్తి ఉబ్బి బరువు పని అంతా తనే చేస్తుంది. వేలికి పడేది ఆ చిన్న తిత్తి మూత బరువు ఒక్కటే. కవయే కోల్ దీన్ని 1841లో సాన్ దెనీ చర్చి ఆర్గన్‌లో మొదట వాడాడు. ఈ లీవర్ లేకపోతే విదోర్ టొకాటాలు (వేళ్ళ వేగం చూపే రచనలు) లేవు, వియెర్న్ ఫినాలేలు (ముగింపు భాగాలు) లేవు. దానికో లోపం ఉంది. మెట్టుకీ శబ్దానికీ మధ్య రవ్వంత ఆలస్యం, తిత్తులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే దగ్గరున్నవాళ్ళకి వినిపించే టకటక.

కవయే కోల్ చేసిన రెండో ఏర్పాటు వియెర్న్ లాంటి మనిషికి ప్రాణం. స్టాప్‌లని రెండు జట్లుగా విడగొట్టాడు. మెత్తటి మూల స్టాప్‌లు ఒక గాలిపెట్టె మీద. గట్టిగా పలికే ట్రంపెట్ జాతి స్టాప్‌లు ఇంకో గాలిపెట్టె మీద. ట్రంపెట్ల నాబ్‌లు ముందే లాగి పెట్టుకోవచ్చు, అయినా పలకవు, ఎందుకంటే ఆ పెట్టెకి గాలి లేదు. పాదం దగ్గర ఇనుప పెడల్ ఒకటి తొక్కితే గాలి వదులుతుంది, ఒక్కసారిగా ఆ జట్టంతా లేస్తుంది. అంటే వాయిస్తూ మధ్యలో నాబ్‌లు వెతుక్కోనక్కర్లేదు. కుడి పాదం ఎంత దూరం జరపాలో గుర్తుంటే చాలు. కళ్ళతో పని లేదు.

ఫ్రెంచి ఆర్గన్ రచనల్లో శబ్దం పెరిగే పద్ధతి అంతా దీని మీదే నిలబడింది. స్కోరులో, అంటే రాసిన స్వరలిపిలో, ఆర్ అని ఉంటే రెసీ, పీ అంటే పొజితీఫ్, జీ అంటే గ్రాన్ ఆర్గ్, ఇవి మెట్ల వరసల పేర్లు. రెసీ పైపులన్నీ ఒక పెద్ద చెక్క గదిలో ఉంటాయి, దానికి తెరిచి మూసే పలకలు ఉంటాయి. మొదలు ఇలా ఉంటుంది: రెసీలో మూల స్టాప్‌లూ ట్రంపెట్లూ అన్నీ వేసి గది తలుపులు మూసెయ్యాలి. మిగతా వరసల్లో మూల స్టాప్‌లు మాత్రమే. అన్నీ కప్లర్లతో కలపాలి. ఇప్పుడు వాయిస్తే దూరం నుంచి వస్తున్న హోరులా ఉంటుంది. మెల్లగా రెసీ తలుపులు తెరవాలి. పూర్తిగా తెరిచాక పొజితీఫ్ ట్రంపెట్లు. తర్వాత గ్రాన్ ఆర్గ్‌వి. పెడల్ ట్రంపెట్లు దాంతోపాటో, రచనని బట్టి కాస్త వెనకో. వరస తప్పితే ఏమవుతుంది? రెసీ తలుపులు సగం ఉండగానే గ్రాన్ ఆర్గ్ ట్రంపెట్లు వదిలితే మెట్టు మెట్టుగా ఎక్కాల్సిన చోట ఒక్క గెంతు పడుతుంది. ఇంకో రకం ఆర్గన్ల మీద, ముఖ్యంగా జర్మన్ పద్ధతిలో కట్టినవాటి మీద, వియెర్న్ తేలిపోవడానికి సగం కారణం ఇదే. అక్కడ మూసిన గదిలో అంత బలమైన ట్రంపెట్లు ఉండవు. కాబట్టి ఆ లోపలి మంట ఉండదు.

(మొదటి సింఫనీ ఫినాలే తొలి రెండు నిమిషాలు వినిపించారు.)

ఇప్పుడు విన్నది 1899 నాటికి పూర్తయిన రచన, డీ మేజర్‌లో ముగింపు. పైన చేతులు గబగబా విరిచిన స్వరాల అలలు వేస్తుంటే అసలు పాట కాళ్ళలో నడిచింది. గమనించారో లేదో, పెడల్‌లో ఉన్న పాటలో పెద్ద అంగలు ఉన్నాయి, చిన్న చిన్న గమకపు పలుకులు లేవు. అది కట్టడం సంగతి. అక్కడికి వద్దాం.

నోత్ర్ దామ్ పొడవు దాదాపు 128 మీటర్లు. నిండు ఆర్గన్ మీద ఒక తీగ (కార్డ్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) వాయించి చేతులు ఎత్తేస్తే ఆ శబ్దం సద్దుమణగడానికి ఆరు సెకన్ల పైనే పడుతుంది. నిమిషానికి 100 లయలో వెళ్తుంటే ఆరు సెకన్లలో 10 దెబ్బలు. అంటే ఇప్పుడు వాయిస్తున్న తీగ, పది దెబ్బల కిందటి తీగ తోకమీద పడుతోంది. అందుకే వియెర్న్ బాస్‌లో తీగలు వెంటవెంటనే మారవు. ఒకే తీగ రెండు మూడు గణాల (బార్‌ల) పాటు నిలబడుతుంది, పైన మాత్రం కదలిక ఉంటుంది. చిన్న హాల్లో వింటే ఇదేమిటి కదలదేమిటి అనిపిస్తుంది. అక్కడ వింటే కదలకపోవడమే కాపాడుతుంది.

అదే కారణంగా వేళ్ళకి కఠినమైన నియమాలు. బెల్జియం ఆర్గనిస్టు లెమెన్స్ నుంచి విదోర్‌కి, మరో ఫ్రెంచి ఆర్గనిస్టు గిల్మాన్‌కి, వాళ్ళ నుంచి వియెర్న్‌కి వచ్చినవి. వేరువేరు స్వరాల మధ్య సందు అసలు ఉండకూడదు. ఒక వేలు నొక్కి ఉంచి, మెట్టు వదలకుండానే వేరే వేలు దాని మీదికి మార్చాలి. బొటనవేలు నల్ల మెట్టు మీంచి తెల్ల మెట్టు మీదికి జారాలి. కానీ అదే స్వరం మళ్ళీ వస్తే మాత్రం మొదటి దాన్ని సగం కాలానికే ఎత్తెయ్యాలి, మిగతా సగం కచ్చితంగా మౌనం. ఒక దెబ్బ స్వరమైతే అర దెబ్బ పలుకు, అర దెబ్బ ఖాళీ. పియానో మీంచి వచ్చినవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. పియానోలో స్వరం దానంతట అదే తగ్గిపోతుంది కాబట్టి ఖాళీ ఎంతన్నది ఉజ్జాయింపుగా సరిపోతుంది. ఆర్గన్‌లో వేలు ఉన్నంతసేపూ అదే బలంతో మోగుతుంది. ఖాళీ తక్కువైతే రెండు స్వరాలూ అంటుకుని ఒక్కటైపోతాయి. ఎక్కువైతే పాట తునకలవుతుంది.

దూరంతో ఇంకో చిక్కు. గాయకులూ వాళ్ళకి తోడు వాయించే చిన్న ఆర్గనూ తూర్పున, బలిపీఠం వైపు. పెద్ద ఆర్గన్ పడమట. మధ్య 100 మీటర్లు అనుకుంటే శబ్దానికి దాదాపు 0.3 సెకను పడుతుంది. ఇందాకటి లయలో అది అర దెబ్బ. పెద్ద ఆర్గనిస్టు గాయకుల్ని చెవితో విని వాళ్ళతో కలుద్దామంటే, అతని శబ్దం తిరిగి అక్కడికి చేరేసరికి ఒక దెబ్బ వెనక పడుతుంది. వియెర్న్ ఓపస్ (రచన సంఖ్య) 16, సొలెమ్న్ మాస్ అనే ఆరాధన సంగీతం, సాన్ సుల్పీస్‌లో 1901లో మొదట పాడారు. గాయకులకి, రెండు ఆర్గన్లకి రాసింది. అందులో పెద్ద ఆర్గన్ ఎక్కువచోట్ల గాయకుల మాటల మధ్య ఖాళీల్లో గర్జిస్తుంది, లేదా నిలకడ తీగల్ని పట్టుకుంటుంది. వినేవాళ్ళు దాన్ని నాటకీయత అంటారు. మూలం ఈ అర దెబ్బ లెక్కలో ఉందని నా అనుమానం.

ఉద్యోగం విషయం. ఫ్రెంచి కెథడ్రల్‌లో గాయకులకి నేర్పి నడిపించే మనిషి వేరు, పెద్ద ఆర్గన్ అధికారి వేరు. ఇంగ్లండులో రెండూ ఒకరే చేస్తారు. కాబట్టి వియెర్న్ పని ముఖ్యంగా ఆదివారం, పండగ రోజుల ఆరాధనలకి మేడ మీంచి వాయించడం. గురువులు లోపలికి వచ్చేటప్పుడు, కానుకల వేళ, ప్రభు సంస్కారం వేళ, చివర జనం బయటికి వెళ్ళేటప్పుడు. సాయంత్రపు వెస్పర్స్‌లో మరియ స్తోత్రం పాడితే ఒక చరణం గాయకులు, తర్వాతి చరణం మాటలు లేకుండా ఆర్గన్. 12 చరణాల్లో ఆరు ఆయనవి, ఒక్కోటి అర నిమిషమో, నిమిషమో. ఇవన్నీ ఆ రోజు గీతం పట్టుకుని అప్పటికప్పుడు కల్పించేవి. ఊరేగింపు ఎప్పుడు ఆగుతుందో ముందు తెలియదు. ఎక్కడ చెబితే అక్కడ నాలుగు గణాల్లో ముగింపుకి రాగలిగేలా అల్లుకుంటూ పోవాలి. బలిపీఠం దగ్గర ఏం జరుగుతోందో ఆయన కళ్ళు చూడలేవు గనక పక్కనున్న సహాయకుడు చెప్పాలి. ఈ సంప్రదాయం ఇప్పటికీ మారలేదు. 2024 డిసెంబరు 7న నోత్ర్ దామ్ మళ్ళీ తెరిచినప్పుడు ఆర్చిబిషప్ ఆర్గన్‌ని ఎనిమిదిసార్లు పిలిచాడు, ఎనిమిదిసార్లూ ఆర్గనిస్టులు అక్కడికక్కడే కల్పించి బదులిచ్చారు.

అంటే వియెర్న్ 37 ఏళ్ళ పనిలో చాలా భాగం గాలిలో కలిసిపోయింది. చేతికి మిగిలింది కొంచెమే. 1928 ప్రాంతంలో ఓదియాన్ కంపెనీ నోత్ర్ దామ్‌లోనే ఆయన వాయించినవి రికార్డు చేసింది. వాటిలో బాఖ్ రచనలతోపాటు మూడు కల్పనలున్నాయి. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ పలక ఒక్కో వైపు నాలుగు నిమిషాల లోపే పడుతుంది కాబట్టి మూడూ పొట్టివే. ఆయన శిష్యుడు మోరీస్ ద్యురుఫ్లే ఆ పలకల్ని విని స్వరం స్వరం రాసి 1954లో అచ్చు వేయించాడు. బిషప్ ఊరేగింపుకి వాయించిన కవాతు ఒకటి, ధ్యానం ఒకటి, ఊరేగింపు సంగీతం ఇంకొకటి. ఉద్యోగంలో ఆయన ఏం చేసేవాడో తెలియాలంటే సింఫనీలకన్నా ఇవే సాక్ష్యం. సింఫనీల్లో లేని తొందర, తెగింపు ఇందులో ఉన్నాయి.

(మూడు కల్పనల్లో మొదటిది వినిపించారు.)

ఇక ఆయన కళ్ళు. కొన్నేళ్ళపాటు పెద్ద సైజు కాగితం మీద, వెడల్పు గీతలు గీసుకుని, లావు పెన్సిల్‌తో, ముఖం కాగితానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని రాసేవాడు. చూపు ఇంకా తగ్గాక బ్రెయిల్. సంగీతపు బ్రెయిల్ ఎలా ఉంటుందో ఒక్క మాట. గడికి ఆరు చుక్కలు. పై నాలుగు చుక్కలు ఏ స్వరమో చెబుతాయి, కింది రెండు ఎంతసేపో చెబుతాయి. రెండు చుక్కలూ లేకపోతే అర దెబ్బ, ఒకటి ఉంటే ఒక దెబ్బ, ఇంకొకటి ఉంటే రెండు, రెండూ ఉంటే నాలుగు. అదే గుర్తు పదహారో వంతు స్వరానికి కూడా వాడతారు, ఏది అన్నది సందర్భం చూసి పోల్చుకోవాలి. కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, పాదాలు విడివిడిగా రాస్తారు. ఒక వేలితో తడుముతూ చదవాలి కాబట్టి వాయిస్తూ చదవడం కుదరదు. ముందు ప్రతి భాగాన్నీ కంఠతా పట్టాలి. మొత్తం తలలో కట్టుకోవాలి. నిండా నాలుగైదు గొంతులున్న సింఫనీని ఇలా పట్టుకోవడం ఎంత పనో ఊహించండి.

దీని ప్రభావం అచ్చులో కనబడుతుంది. వియెర్న్ పాత ముద్రణల్లో తప్పులు చాలా ఉన్నాయి. షార్ప్, నాచురల్ గుర్తులు రాలిపోయాయి. కలిపి పట్టాల్సిన స్వరాలకి వంపు గీత లేదు. అచ్చు ప్రూఫుల్ని తనే చదివి దిద్దుకునే కళ్ళు ఆయనకి లేవు. వాయించేవాళ్ళకి నా సలహా: అనుమానం వచ్చిన చోట, అదే పల్లవి రచనలో ఇంకెక్కడ వచ్చిందో వెతికి పోల్చండి. రెండో సింఫనీ నుంచి ఆయన ఒకే పల్లవిని అన్ని భాగాల్లోనూ రూపం మార్చి తిప్పుతాడు, ఆ పోలిక బాగా పనికొస్తుంది. ఐదో సింఫనీలో మాత్రం పన్నెండు స్వరాలూ కలగలిసిపోతాయి, చెవిని నమ్మితే మోసపోతారు. దానికి ఇటీవలి సంశోధిత ముద్రణ తప్పనిసరి. పాతవి ఉచితంగా దొరుకుతాయి. ఆయన పోయి 60 ఏళ్ళు దాటింది కాబట్టి మన దేశంలో కాపీరైటు సమస్య కూడా లేదు. కానీ ఉచితంగా దొరికేది ఆ తప్పుల ముద్రణే.

ఆరు సింఫనీల శ్రుతులు వరసగా చూడండి: డీ, ఈ, ఎఫ్ షార్ప్, జీ, ఏ, బీ. అన్నీ మైనర్. మన లెక్కలో రెండు, మూడు, నాలుగున్నర, ఐదు, ఆరు, ఏడు శ్రుతులు. మెట్టు మెట్టుగా ఎక్కాడు. ఏడోది సీలో రాద్దామనుకున్నాడు, రాయలేదు. మొదటిది గిల్మాన్‌కి అంకితం, ఇంకా పాత వాసన పోలేదు. రెండోది 1903 నాటిది, నా లెక్కలో అసలు వియెర్న్ అక్కడ మొదలయ్యాడు. 1911లో మూడోది, ఆర్గనిస్టు మార్సెల్ ద్యుప్రేకి అంకితం. ఐదు భాగాలూ ఎక్కడా వదులు లేకుండా బిగించి ఉన్నాయి. కొత్తవాళ్ళు ఒక్కటే వినాలంటే నేను దీన్నే చెబుతాను. నాలుగోది 1914. ఐదోది 1924, అన్నిటికన్నా పొడుగు. ఆరోది 1930. దాని చివరి పేజీల్లో పాదాలు పెడల్ బోర్డు మీద ఆరోహణ అవరోహణలు పరుగెత్తిస్తాయి. 1906లో పారిస్ వీధిలో పడి కాలు విరిగి, పెడల్ విద్య మొదటి నుంచీ మళ్ళీ నేర్చుకున్న మనిషి రాసింది అది.

విషాదాల సంగతి దాటెయ్యను, నిలబడను కూడా. 1909లో విడాకులు. 1911లో గిల్మాన్ పోతే కన్సర్వేటరీ ఆర్గన్ పదవి వియెర్న్‌కి రాలేదు, జిగూ అనే మరో ఆర్గనిస్టుకి ఇచ్చారు. 1913లో చిన్న కొడుకు ఆంద్రే క్షయతో పోయాడు. 1916లో గ్లకోమా చికిత్సకి స్విట్జర్లండు వెళ్ళినవాడు 1920 దాకా రాలేకపోయాడు. ఆ మధ్యలోనే, 1917లో, సైన్యంలో చేరిన పెద్ద కొడుకు జాక్ పోయాడు. 1918లో తమ్ముడు రెనే, అతనూ ఆర్గనిస్టే, యుద్ధంలో చనిపోయాడు. జాక్ కోసం రాసిన పియానో క్వింటెట్ (పియానోతో కలిపి ఐదు వాద్యాల రచన), ఓపస్ 42, ఆర్గన్ రచన కాదు. అయినా ఆయన రాసిన వాటన్నిటిలో గొప్పది అదేనని వాదించేవాళ్ళున్నారు, నాకు వాళ్ళతో పెద్ద తగాదా లేదు.

తిరిగి వచ్చేసరికి ఆర్గన్ పరిస్థితి బాగాలేదు. 1924 దాకా గాలి మనుషులు తొక్కితేనే వచ్చేది, ఆ ఏడు విద్యుత్ ఫ్యాను పెట్టారు. మనుషులు తొక్కే కాలంలో నిండు శబ్దం ఎక్కువసేపు నిలిపితే గాలి తరిగి శ్రుతి వంగిపోతుంది. శ్రుతి సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి: వేడి ఒక డిగ్రీ పెరిగితే మామూలు పైపు శ్రుతి దాదాపు 3 సెంట్లు పైకి పోతుంది. వేసవికీ చలికాలానికీ 10 డిగ్రీల తేడా ఉంటే 30 సెంట్లు, అంటే అర స్వరంలో దాదాపు మూడో వంతు. ట్రంపెట్ జాతి మాత్రం అంతగా కదలదు, ఇత్తడి నాలుక దాని శ్రుతిని పట్టి ఉంచుతుంది. అందువల్ల రెండు జట్లూ విడిపోతాయి. మూల పైపులు వేల సంఖ్యలో ఉంటాయి, వాటిని ముట్టుకోరు. ట్రంపెట్ పైపుల్లో నాలుకని పట్టి ఉంచే లోహపు తీగల్ని కొంచెం కొంచెం కొట్టి మూల పైపుల దగ్గరకి తెస్తారు. ప్రతి పెద్ద కచేరీకి ముందు ఆ పని తప్పదు.

1927లో వియెర్న్ అమెరికా వెళ్ళి కచేరీలు చేశాడు, ఆర్గన్ మరమ్మతుకి డబ్బు కూడా ఆ కారణాల్లో ఒకటి. 1932 జూన్‌లో మరమ్మతైన ఆర్గన్‌ని మళ్ళీ ప్రారంభించారు. అంతకు ముందు, 1926-27లో, ఫాంటసీ పీసెస్ అని 24 రచనలు, నాలుగు సంపుటాలుగా. వాటిలోదే వెస్ట్‌మిన్‌స్టర్ గంటల పాట. లండన్ గడియారం గంటలు విన్నవాళ్ళు ఈ రచన వింటే రెండో పాదం దగ్గర తడుముకుంటారు. ఆయన పట్టుకున్న వరస అసలుదానికి సరిగ్గా సరిపోదు. ఎవరూ దిద్దలేదు, దిద్దక్కర్లేదు కూడా.

1937 జూన్ 2 రాత్రి నోత్ర్ దామ్‌లో కచేరీ. అది ఆయన 1750వది అని చెబుతారు. పక్కన ద్యురుఫ్లే. తన త్రిప్టిక్ (మూడు భాగాల రచన)లోని చివరి భాగం, చనిపోయిన బిడ్డకి రాసిన రచన, వాయించాడు. తర్వాత కల్పనకి ఇచ్చిన పల్లవి బ్రెయిల్‌లో ఉంది, తడిమి చదివాడు, స్టాప్‌లు వేశాడు. ఉన్నట్టుండి ముందుకి ఒరిగాడు. పాదం పెడల్ బోర్డులో కింది 'ఈ' (E) స్వరపు మెట్టు మీద పడింది. ఆ ఒక్క స్వరం మోగింది. మెట్టు మీద బరువున్నంతసేపూ ఆర్గన్ పైపు మోగుతూనే ఉంటుంది, ఇందాక చెప్పిన సూత్రమే.

2019 ఏప్రిల్ 15 అగ్నిప్రమాదంలో ఆర్గన్ కాలలేదు. కానీ కప్పు మీది సీసం కరిగి, ఆ ధూళి లోపలంతా పరుచుకుంది. 2020లో విప్పారు. దాదాపు 8,000 పైపులు, ఇప్పుడు 115 స్టాప్‌లు. శుభ్రం చేసి మళ్ళీ ఎక్కించాక, 2024లో పైపు పైపుకీ నాదం సరిచేసే పని రాత్రిళ్ళు చేశారు, పగలు కట్టడం పని చప్పుళ్ళలో చెవికి ఏమీ అందదు కనక.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మా చర్చిలో 61 మెట్ల ఎలక్ట్రానిక్ కీబోర్డు మాత్రమే ఉందండి. దాని మీద వియెర్న్ ఏదైనా వాయించవచ్చా?

వాయించవచ్చండి. ఓపస్ 31 తీసుకోండి, 1913 నాటి 24 రచనలు, 24 శ్రుతుల్లో. వాటిని ఆర్గన్‌కి గానీ హార్మోనియంకి గానీ అని రాశాడు, రెండు గీతల స్కోరు, పెడల్ లేకపోయినా నడుస్తుంది. హార్మోనియం అంటే పారిస్‌లో ద్‌బాన్ 1842లో పేటెంటు తీసుకున్న, కాళ్ళతో తొక్కే ఐదు స్థాయిల వాద్యం. మన చేతి హార్మోనియం మీద ఇవి కుదరవు, ఒక చెయ్యి తిత్తికే సరిపోతుంది, మూడున్నర స్థాయిలు చాలవు. మీ 61 మెట్లు సరిగ్గా సరిపోతాయి. జోలపాటతో మొదలుపెట్టండి. కీబోర్డులో టచ్ రెస్పాన్స్ ఆపెయ్యండి, గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా ఒకేలా పలకాలి. సస్టెయిన్ పెడల్ తీసి పక్కన పెట్టండి, అది ఉంటే వేళ్ళు కలిపి వాయించడం ఎప్పటికీ రాదు. వాల్యూమ్ పెడల్ ఉంటే రెసీ తలుపుల్లా వాడుకోండి.

ప్రశ్న: కీబోర్డులో రివర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని) ఎంత పెట్టాలి?

సాధన చేసేటప్పుడు సున్నా. ఖాళీలు సగానికి సగం వస్తున్నాయో లేదో పొడి శబ్దంలోనే తెలుస్తుంది. వాయించేటప్పుడు, మీ చర్చికి సొంత ప్రతిధ్వని ఎంతుందో ముందు చూడండి. చప్పట్లు ఒకసారి కొట్టి, రెండు సెకన్లు పైన వినిపిస్తే మెషిన్ రివర్బ్ అసలు వద్దు. కప్పు తక్కువగా ఉన్న కాంక్రీటు హాలైతే నాలుగు సెకన్ల దాకా పెట్టుకోవచ్చు. అంతకు మించితే వెనక బెంచీల్లో తీగలు కలిసిపోతాయి.